కాటన్ దొరగారును గోదావరి ఒండ్రును

వేసవిలో కాలువలు కట్టివేయగానే మన అమలాపురము, కొత్తపేట, రాజోలు ప్రాంతముల బాలురు కాలువ గర్భమున దిగి ఆడుకొందురు. పూర్వము తట్టలతోను, ఇప్పుడు యంత్రములతోను పూడిక తీసి గట్లమీద పోయుట వారు చూచుచునే యుందురు. ఆ మట్టి ఎక్కడనుండి వచ్చెనని అడుగు బాలుడు అరుదు. ఆ ప్రశ్నతోనే జీవితమంతయు గడపిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు విన్నవింపదలచితిమి.

ఆర్థర్ థామస్ కాటన్ గారు 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించిరి. అడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, 1819లో మద్రాసు ఇంజనీరుల దళమున చేరి, 1821లో మన దేశమునకు వచ్చిరి. తొలినాళ్లలో వారికి అప్పగింపబడిన పనులలో నొకటి, సింహళమునకును మనకును నడుమనున్న పాంబను జలమార్గమును కొలుచుట. మెరకలవలన పెద్ద ఓడలు పోజాలని దారి యది. నీటి క్రింది నేల ఓడలను ఎట్లు శాసించునో వారచ్చటనే గ్రహించియుందురని మా యూహ.

తరువాత కావేరి. శ్రీరంగమునకు ఎగువను నది రెండు పాయలగును. కొల్లడపు పాయ పల్లమగుటచే నీరు అటు పారుచుండెను. కావేరి పాయ ఇసుక మేటవేసి, తంజావూరి పొలములకు నీరు కరవగుచుండెను. 1836లో కాటన్ గారు కొల్లడముపై ఆనకట్టలు కట్టించిరి. ఇసుక నేలపై కట్టడము నిలుచునను ధైర్యమును వారికిచ్చినది ప్రాచీన చోళుల కల్లణై. పని ఫలించెను, ఫలించి మించిపోయెను! ఈసారి కావేరిలోనికి నీరు అధికమై దాని అడుగు కోసుకొనిపోసాగెను. దానినాపుటకు ఆ పాయ మొగదలను మరియొక అడ్డుకట్ట కట్టవలసివచ్చెను. పిల్లలకు గొప్పవారి విజయములనే చెప్పుట వాడుక గాని, ఈ దిద్దుబాటును కూడ చెప్పవలెనని మా తలంపు.

ఆ కాలమున గోదావరి సీమ దుస్థితిలో నుండెను. 1833 నాటి కరవు జనమును తినివేసెను. 1839 నవంబరులో తుపాను కోరంగి రేవును ముంచివేసెను. కోరంగి అనగా సామాన్యమైన ఊరు కాదు. అచ్చట ఓడలు కట్టెడివారు, బాగుచేసెడివారు. అచ్చటినుండి బర్మాకు పోయినవారి మూలముననే ఆ దేశీయులు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. తుపానుకంటె మెల్లగా, గోదావరి తెచ్చిన ఒండ్రు ఆ రేవును పూడ్చెను. వ్యాపారము కాకినాడకు తరలెను.

1844లో కాటన్ గారు నదిని పరిశీలించి నివేదిక పంపిరి. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట నిలిచెను. వీణెము వీరన్నగారు కూలివారిని కూర్చి, పని నడిపి వారికి కుడిభుజమైరి. కాలువల మొగలకు ప్రక్కనే ఇసుక తూములుంచిరి. వరదలో వానిని తెరచినప్పుడు నీటి వేగమునకు బరువైన ఇసుక నదిలోనికే కొట్టుకొనిపోవును. సన్నని ఒండ్రుతో కూడిన పై నీరు కాలువలోనికి పోయి పొలములకు ఎరువగును. ఒకే నది తెచ్చిన మట్టి కాలువ మొగలో శత్రువు, వరిచేనిలో మిత్రము!

ఆ కాలువలలోనే పడవలును నడచెను. బొబ్బర్లంక లాకు దాటి కోనసీమ ధాన్యము బయటికి పోయెడిది. రాజోలు సీమకు నీరందించుటకు వైనతేయపాయపై గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టును హేగ్ దొర కట్టిరి. 2000లో దాని ప్రక్కన క్రొత్తది వచ్చెను. దేశమంతట రైళ్లకంటె జలమార్గములే మేలని కాటన్ గారు పట్టుపట్టి, 1878లో పార్లమెంటు సంఘము ఎదుటకూడ వాదించిరి. ఇందు వారు కొంత అతిగా పోయిరని మాకు తోచును. పూడికతీతకు ఏటేట కట్టివేయవలసిన కాలువలో పడవ ఆగును, రైలు ఆగదు.

నేటి చిక్కు వేరొకటి. ఎగువ జలాశయములు ఒండ్రును పట్టియుంచుటచే, 1970 దశకమున ఏటికి సుమారు 15 కోట్ల టన్నులుగా వచ్చినది 1990 దశకమున 6 కోట్లకు లోబడెను. మట్టి చాలక తీరము కోతపడుచున్నది; మడ అడవుల అంచులు జారుచున్నవి; ఉప్పాడ యిండ్లు సముద్రము పాలైనవి. కాకినాడ సంగతి చూడుడు. నది ఇసుకతో ఏర్పడిన హోప్ దీవి ఆ రేవునకు అలలనుండి చాటిచ్చును. కాని మేటవేయు ఇసుకను త్రవ్వనిదే ఓడ లోనికి రాదు. త్రవ్వితీసిన దానిని లోతు సముద్రమున పారవేసినచో, ఆకలిగొన్న తీరము నోటికాడి కూడు పారవేసినట్లే. పనికివచ్చు ఇసుకను కోతపడు ఒడ్డునకు చేర్చుట, బురద మడ మొక్కల వేళ్లను కప్పి చంపకుండ చూచుట, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున పని ఆపుట, ఇవి ఇంజనీరులు ఆలోచింపవలసిన విషయములు. ఖర్చు హెచ్చుననుట నిజమే. కోరంగిని పోగొట్టుకొన్న సీమకు ఆ ఖర్చు పెద్దది కాదని మేమందుము.

కాటన్ గారు 1860లో ఉద్యోగము విరమించిరి. 1861లో సర్ బిరుదము పొందిరి. దైవభక్తులు, తరచు వ్యాధిగ్రస్తులు, అయినను దీర్ఘాయుష్మంతులు. వార్ధక్యమున డార్కింగులో తమ యింటి తోటలో నేలను మిక్కిలి లోతుగా త్రవ్వించి గోధుమ పండించి చూచుచుండిరి. 1899 జూలై 24వ తేదీన ఆ యూరనే, తొంబదియారవ యేట, కన్నుమూసిరి.