హాల్లోని సరస్వతి, ఆమెను గీసిన రవివర్మ

మన బడి ప్రార్థన హాల్లో వేదికకి ఎడమపక్క గోడమీద సరస్వతీదేవి పటం ఒకటి ఉండేది, మిత్రులకు గుర్తుండే ఉంటుంది. నల్లచెక్క ఫ్రేము, అద్దానికి ఒక మూల పగులు. రాతిమీద కూర్చుని వీణ వాయించే తెల్లచీర అమ్మవారు, పక్కన నెమలి. శుక్రవారం నాడు దానికి కనకాంబరాల దండ వేసేవాళ్లు. పదో తరగతి పరీక్షలకి ముందు హాల్‌టికెట్టు దాని ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నాలుగేళ్ల కిందట మన సంఘం హాలు మరమ్మతులు చేపట్టినప్పుడు, సివిల్ ఇంజనీరునని ఎస్టిమేటు పని నాకు అప్పజెప్పారు. పాత సామాను జాబితాలో ఆ పటానికి ఎదురుగా తీసేయవచ్చు అని రాసింది నేనే. క్యాలెండరు బొమ్మ కళ కాదని మా డ్రాయింగు మాస్టారు చెప్పిన మాట నలభై ఏళ్లుగా నా బుర్రలో అలాగే ఉండిపోయింది మరి. రిటైరైన అటెండరు గారొకరు ఆ పటం తనకిమ్మని అడిగారు. చెదపట్టిన ఫ్రేము ఊడదీసినప్పుడు కాగితం అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి: రవివర్మ ప్రెస్, కార్లా-లోనావ్లా. అప్పుడు మొదలుపెట్టాను ఆయన గురించి చదవడం.

రాజా రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టాడు. మేనమామ రాజరాజవర్మ దగ్గర తొలి పాఠాలు. పద్నాలుగేళ్ల వయసులో మేనమామ వెంట తిరువనంతపురం వెళ్లి ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆదరణ సంపాదించాడు. అక్కడ నీటిరంగులు రామస్వామి నాయుడు దగ్గర. తైలవర్ణాలు మాత్రం సరిగ్గా నేర్పినవాళ్లు లేరు. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు ఆస్థానానికి వస్తే, ఆయన పని చేస్తుండగా పక్కన నిలబడి చూసి చాలావరకు పట్టేశాడంటారు. సైట్లో మేస్త్రీని చూసి పని నేర్చుకున్న నాలాంటివాళ్లకి ఇది వింతగా తోచదు.

1873లో మల్లెపూలు ముడుచుకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకి మద్రాసులో గవర్నరు బంగారు పతకం వచ్చింది. అదే ఏడు వియన్నాలోనూ బహుమతి. ఇక వెనక్కి చూసుకోలేదు. బరోడా మహారాజు శాయాజీరావు పురాణ గాథలమీద పద్నాలుగు చిత్రాలు వేయించుకున్నాడు. వాటిని ప్రదర్శించినప్పుడు జనం విరగబడి చూశారు. 1893లో షికాగో ప్రదర్శనకి పది చిత్రాలు పంపితే అక్కడా పతకాలు వచ్చాయి. కాని ఆ పతకాల వెనక ఒక తమాషా ఉంది. న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నది ఎక్కువగా ఆ బొమ్మల్లోని చీరలూ నగలూ ఆచారాలూ తెలియజేసే జాతుల విశేషాల్ని. అంటే పతకం వచ్చింది, చిత్రకళకో కాదో తెలియకుండా వచ్చింది.

నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ప్రెస్సు. తిరువాన్కూరుకీ బరోడాకీ దివానుగా పనిచేసిన మాధవరావు, ఈ చిత్రాల్ని ఐరోపాలో అచ్చు వేయించి జనానికి అందించమని 1884లోనే సలహా ఇచ్చాడు. పదేళ్లకి, 1894లో, రవివర్మ బొంబాయిలో తానే ప్రెస్సు పెట్టాడు. జర్మనీ నుంచి యంత్రాలు తెప్పించి, జర్మన్ నిపుణుల్ని పెట్టుకున్నాడు. ఆ అచ్చు పని ఎంత కష్టమో మీకు చెప్పాలి. నునుపు చేసిన సున్నపురాతి పలకమీద జిడ్డుసిరాతో గీస్తారు. రాతిని తడిపితే గీత లేనిచోట నీళ్లు నిలుస్తాయి, గీత ఉన్నచోట మాత్రమే రంగు అంటుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. అదే కాగితం అన్ని రాళ్లమీదా వరసగా ఎక్కి దిగాలి. ఒక్క రాయి వెంట్రుకవాసి పక్కకి జరిగితే అమ్మవారి పెదవి ఎరుపు బుగ్గమీదికి పోతుంది. చివర వార్నిష్ పూసి, కాన్వాసు నేతలా అచ్చు ఒత్తేవారు. మన హాల్లో పటాన్ని భూతద్దంతో చూశాను. పెదవి రంగు గీత దాటలేదు.

వ్యాపారంగా మాత్రం అది దెబ్బతింది. బొంబాయిలో ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి. ప్రెస్సు లోనావ్లా దగ్గరికి మారింది. కొన్నేళ్లకే దాన్ని ష్లైకర్ అనే తన జర్మన్ నిపుణుడికి అమ్ముకున్నాడు. 1902లో అన్నదమ్ములిద్దరూ హైదరాబాదు వచ్చి, నిజాం ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ దగ్గర దిగారు. ఆశించిన ఆస్థానం పని దక్కలేదు. వెన్నంటి ఉన్న తమ్ముడు రాజరాజవర్మ 1905లో పోయాడు. రవివర్మ 1906 అక్టోబరు 2న పుట్టిన ఊళ్లోనే కన్నుమూశాడు.

ఆ వెంటనే తీర్పులు మారాయి. శకుంతల బోర్లా పడుకుని తామరాకుమీద ఉత్తరం రాసే బొమ్మనే తీసుకోండి. 1876లో మద్రాసు గవర్నరు దాన్ని ముచ్చటపడి కొన్నాడు. మోనియర్ విలియమ్స్ తన శాకుంతలం ఆంగ్లానువాదానికి ముఖచిత్రంగా పెట్టుకున్నాడు. శకుంతల అలా నేలమీద పడుకోవడమే సిస్టర్ నివేదితకి మోటుగా కనిపించింది. 1907లో ఆనంద కుమారస్వామి ఇవన్నీ నాటకాల బొమ్మలనీ, భారతీయ భావన లేనివనీ తేల్చేశాడు. మా డ్రాయింగు మాస్టారి మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. 1979లో మళ్లీ ప్రభుత్వం రవివర్మ చిత్రాల్ని జాతీయ కళాసంపదగా ప్రకటించి దేశం దాటనివ్వకుండా చేసింది. బొమ్మలు అవే, గీతలు అవే.

కుమారస్వామిది పూర్తిగా తప్పనను. ఒకసారి పనిమీద తిరువనంతపురం వెళ్లి శ్రీ చిత్ర గ్యాలరీలో హంస-దమయంతి చూశాను. ఎర్రచీర మడతలు చేత్తో పట్టుకోవచ్చనిపించింది. కాని ఆ గదుల్లో ఉన్న ఆడవాళ్లలో చాలామంది అక్కచెల్లెళ్లలా ఉన్నారు. అందరూ తెల్లనివాళ్లే, ఎవరో చూస్తున్నారని తెలిసి నిలబడినట్టే ఉన్నారు. ఇది లోపమే. అయితే మా వృత్తిలో కాలువ తూము ముందు నిలబడి అందంగా లేదని ఎవరూ తోసెయ్యరు, ఎందుకు కట్టారని ముందు అడుగుతారు. దర్బారు గోడకి వేసిన తైలచిత్రం పని వేరు. గుడి గడప తొక్కనివ్వని ఇంట్లోకి కొన్ని అణాలకి వచ్చి దేవుడై కూర్చున్న అచ్చుబొమ్మ పని వేరు. రెండిటికీ ఒకే మార్కుల జాబితా పెట్టి నేనూ తప్పు చేశాను.

హాలు పూర్తయింది. ఆ చోట ఇప్పుడు కొత్త సరస్వతి ఉంది, ఆర్డరు ఇచ్చి వేయించినది, బాగుంది. స్వర్ణోత్సవానికి పాత పటం తిరిగి తెస్తే బాగుంటుందని కమిటీలో కొందరు అన్నారు. అడగడానికి అటెండరు గారింటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆయన లేరు. రెండోసారి ఉన్నారు. పటానికి కొత్త అద్దం వేయించారు, కనకాంబరాలు పెట్టారు, ముందు దీపం వెలుగుతోంది, ఆయన మనవరాలు దాని కింద కూర్చుని ఎక్కాలు చదువుకుంటోంది. టీ తాగి, వచ్చిన పని చెప్పకుండానే వచ్చేశాను.