యెల్లాప్రగడ సుబ్బారావుగారి విద్యాభ్యాసము

మన అనంతపురము జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు తప్పిన యేట వేరుశనగ పైరు ఎండిపోవును. పైరు ఎండిన యింట మొదట ఆగిపోవునది పిల్లల చదువే. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొనియు, కాలేజీ జీతమునకు దారి లేక పొలమునకు మరలిన బాలబాలికలను మనమెల్లరము ఎరుగుదుము. అట్టివారు తెలిసికొనదగిన చరిత్ర యెల్లాప్రగడ సుబ్బారావుగారిది.

ఈయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు అనారోగ్యముచే ఉద్యోగము వీడుటతో కుటుంబమును దారిద్ర్యము చుట్టుకొనెను. బాలుడు చదువు మాని, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వీడి బయలుదేరెను. తల్లి వెంకమ్మగారు అతనిని వెనుకకు రప్పించి, తన మంగళసూత్రములను సైతము అమ్మి చదువునకు పంపిరి. ఇంత చేసినను ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండు సార్లు తప్పి, మూడవ పర్యాయము మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియటు ముగించి వైద్యకళాశాలలో చేరునప్పటికి చేత ధనము లేదు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత ఇచ్చి ఆదుకొనిరి. 1919లో మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఈయన వివాహమాడిరి. గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఇంతలో సోదరులిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. ఇట్టి రోగములకు మందు కనుగొనవలెనను కోరిక ఆయన మనస్సున నాటుకొనెను.

ఆ పరిశోధనకు తగిన విద్య అమెరికాలో కలదు. అక్కడికి పోవు శక్తి తనకు లేదు. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్‌గారి పేర కాకినాడలో ఒక ధర్మనిధి యుండెను. ఆ నిధివారు సహాయము చేయుదుమని వాగ్దానము చేసిరి. మామగారు మరికొంత ధనము సమకూర్చిరి. గర్భవతియైన భార్యను విడిచి, 1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. ఆయన పట్టము అక్కడ చెల్లలేదు. కావున రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణమండల వైద్యము నభ్యసించిరి. స్వదేశమున పుట్టిన కుమారుడు తండ్రి ముఖము చూడకయే శైశవమున మరణించెను.

తరువాత ఫిస్కే ఆచార్యునితో కలిసి రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చిన వారి పరిశోధనలు 1927, 1929లలో వెలువడినవి. 1930లో సుబ్బారావుగారు పిహెచ్.డి. పట్టము పొందిరి. 1940లో లెడర్లే సంస్థలో చేరి పరిశోధకులకు నాయకత్వము వహించిరి. అచ్చట ఫోలికామ్లము, బోదకాలునకు హెట్రజాను, ఆరియోమైసిను అను మందులు వెలువడెను. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఫోలికామ్లము ఔషధమయ్యెను. మాతృదేశమునకు మరల రాకయే 1948 ఆగస్టులో న్యూయార్కులో 53వ యేట ఆయన పరమపదించిరి.

విద్యార్థులారా! తల్లి నగ, స్నేహితుల చందా, మామగారి ధనము, ధర్మనిధి వాగ్దానము, తన చేతి కష్టము — వీనిలో ఏ ఒక్కటియు చాలలేదు. అన్నియు కూడినప్పుడే ఆ చదువు సాగెను. కావున ఒక్క విద్యార్థివేతనము రానంత మాత్రమున నిరాశ చెందకుడు. ప్రభుత్వ సహాయము, ధర్మనిధులు, కాలేజీవారి రాయితీలు వేర్వేరుగా విచారింపుడు. ఆదాయ ధ్రువపత్రము, మార్కుల పత్రము ముందుగనే సిద్ధపరచుకొనుడు. గడువు దాటిన దరఖాస్తును ఎవ్వరును చూడరు. తలిదండ్రులారా, అడుగుటకు సిగ్గుపడి బిడ్డ చదువు మాన్పింపకుడు. ఉపాధ్యాయులమగు మేము ఆ పత్రములు పూరించుటలో మీకు తోడుగ నుందుము.