పెనుగొండలో ఆంగ్ల సరస్వతి

హిందూపురమునుండి ధర్మవరమునకు పోవు రైలుమార్గమున నడుమ పెనుగొండ కలదు. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిదప విజయనగర ప్రభువులు తలదాచుకొని రాజ్యమేలిన దుర్గమది. ఆ శిథిల ప్రాకారముల నీడలో పెరిగి పెద్దవారైన మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులుగారు.

ఆయన 1914 మార్చి 28వ తేదీన అనంతపురము చేరువనున్న చియ్యేడులో జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులుగారు పండితులు. సంస్కృతాంధ్రములు ఇంటనే అబ్బినవి. ఆంగ్లము మాత్రము ఆ వీథిలో దొరకునది కాదు. సీమలో నాడు ఆంగ్లము కచేరీ భాష, కొలువునకు నిచ్చెన. ఆ భాషను దాని సాహిత్యముతో కలిపి చదువవలెనన్న విశ్వవిద్యాలయమునకు పోవలెను. అందులకు మద్రాసువంటి దూరనగరములలో కాపురము, జీతము కట్టుటకు ధనము కావలెను. పల్లెటూరి పండితుని కుమారునకు అవి యెక్కడివి?

విద్య వేరొక ద్వారమున వచ్చినది. పెనుగొండ సబు కలెక్టరుగారి భార్య పిట్ దొరసాని ఆ బాలుని చేరదీసి ఆంగ్ల సాహిత్యము బోధించినది. పండితుల యింటి బిడ్డకు ఈ చదువుతీరు కొత్త కాదు. శబ్దమంజరి, అమరము వల్లించుచునే రఘువంశము పఠించుట మన పాత పద్ధతి. భాష కావ్యమునకు మెట్టు. కావ్యము భాషకు ప్రాణము. వ్యాకరణము వేరు, రసము వేరు అని విడదీయని ఆ సంప్రదాయమే ఆయనకు ఆంగ్లమునందును తోడుపడినదనుకొనుట సమంజసము.

విజయనగర వైభవము అస్తమించినందులకు వగచుచు బాల్యముననే ఆయన ‘పెనుగొండలక్ష్మి’ రచించిరి. తరువాత తిరుపతిలో సంస్కృతము చదివిరి. విద్వాన్ పరీక్షకు కూర్చున్నపుడు తమ ‘పెనుగొండలక్ష్మి’యే పాఠ్యగ్రంథమై యెదుట నిలిచినది. ఇట్టి భాగ్యము ఏ విద్యార్థికి కలుగును?

ప్రొద్దుటూరు, కడప పట్టణములలో ఉపాధ్యాయులై జీవించిరి. ‘శివతాండవము’ ఆయన కీర్తిని తెలుగునాట నలుమూలల వ్యాపింపజేసినది. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళమున కనువదించిరి. పెనుగొండలో మొలకెత్తిన ఆంగ్లము వృథా పోలేదు. ‘లీవ్స్ ఇన్ ది విండ్’ అను పేరిట ఆ భాషలోనే కవిత్వము వ్రాసిరి. కొలువుకొరకు ఆంగ్లము నేర్చినవారు వేలు. అందు కవితచెప్ప సాహసించినవారు కొలదిమంది. పద్నాలుగు భాషలెరిగిన ఆయనకు ఏ భాషయైనను మొదట సాహిత్యమే.

1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. విద్యార్థిగా ఆయన ఆంగ్లమునకై గడపద్రొక్కని విశ్వవిద్యాలయము, పెద్దవారైన పిదప గౌరవ డాక్టరేటుతో ఆయనను పిలిచి సత్కరించినది. 1990 సెప్టెంబరు 1న ఆయన కన్నుమూసిరి.

నేడు అనంతపురముననే విశ్వవిద్యాలయము కలదు. హిందూపురము, ధర్మవరముల పిల్లలు ఆంగ్లమునకై మద్రాసు పోనక్కరలేదు. అయినను ఉద్యోగమునకు భాష చాలును, సాహిత్యమేల యను మాట వినబడుచునే యున్నది. ఆ మాటకు పెనుగొండ బాలుని జీవితమే సమాధానము.