పల్లె గోడు వినిపించిన నడిగడ్డ బిడ్డ
మారుమూల గ్రామాలకు అక్షరాన్ని చేర్చడమే ధ్యేయంగా సాగిన సురవరం ప్రతాపరెడ్డి జీవితం

అలంపూర్: ఒక వైపు కృష్ణ, మరో వైపు తుంగభద్ర. రెండు నదుల మధ్య ఉన్న నేల కనుక దీనికి నడిగడ్డ అనే పేరు వచ్చింది. రెండు వైపులా జీవనదులు పారుతున్నా తాగునీటికీ సాగునీటికీ తరతరాలుగా కటకటలాడిన ప్రాంతమిది. బడి దూరం, వైద్యం దూరం, కచేరీ దూరం. ఈ దూరాలన్నింటినీ చూసి పెరిగిన ఒక పల్లెటూరి బాలుడు తరువాతి కాలంలో పత్రికాధిపతిగా, పరిశోధకుడిగా, చరిత్రకారుడిగా తెలుగునాట చిరస్థాయిగా నిలిచారు. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి. నగరంలో స్థిరపడినా ఆయన కలం మాత్రం పల్లెను విడిచిపెట్టలేదు.

ఏటి ఆవలి ఒడ్డున చదువు

ప్రతాపరెడ్డి 1896 మే 28న అలంపూర్ ప్రాంతంలోని బోరవెల్లిలో జన్మించారు. వారి స్వగ్రామం ఇటిక్యాలపాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. అప్పట్లో అలంపూర్, గద్వాల తాలూకాలు నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడే ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. జిల్లా కేంద్రంలో వినిపించేది ఎక్కువగా కన్నడం, కచేరీలో నడిచేది ఉర్దూ, ఇంట్లో మాట్లాడేది తెలుగు. పట్వారీ రాసిన కాగితంలో ఏముందో రైతుకు తెలియదు. తన గోడును అర్జీగా రాసుకొనే దారీ లేదు. పాలకుల భాషకూ ప్రజల భాషకూ మధ్య ఉన్న ఈ అగాధమే నాటి పల్లె కష్టాలకు ఒక ప్రధాన కారణం.

నిజాం ఇలాకాలో తెలుగు చదువులకు ఆదరణ లేని రోజులవి. తుంగభద్ర దాటితే కర్నూలు. అది మద్రాసు రాష్ట్రంలోని పట్టణం. అక్కడ ఉన్నత పాఠశాలలు, తెలుగు చదువులు, పత్రికలు ఉండేవి. ప్రతాపరెడ్డి ఆ ఒడ్డునే చదువుకున్నారు. వానాకాలంలో పుట్టి ఎక్కి ఏరు దాటడం ఎంత కష్టమో నడిగడ్డ ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే భాష మాట్లాడే రెండు ఒడ్ల మధ్య చదువులో ఇంతటి తేడా ఉండడం ఆయన బాల్యం నుంచే కళ్లారా చూసిన సత్యం. ఆ తరువాత హైదరాబాద్ నిజాం కళాశాలలో, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులయ్యారు. బి.ఎల్. కూడా పూర్తి చేశారు. మద్రాసులో వేదం వేంకటరాయశాస్త్రి వంటి పండితుల సాంగత్యం ఆయనకు లభించింది. న్యాయవాద వృత్తిలో స్థిరపడి ధనం గడించే అవకాశం ఉన్నా ఆయన మనసు అటు మొగ్గలేదు.

వసతి గృహం నుంచి పత్రికా కార్యాలయానికి

పల్లెల నుంచి హైదరాబాద్ వచ్చే విద్యార్థులకు ఆనాడు తల దాచుకునే చోటు కూడా కరువే. ఈ ఇబ్బందిని గుర్తించి 1918లో రెడ్డి వసతి గృహాన్ని నెలకొల్పడంలో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ముఖ్యపాత్ర వహించారు. నగర కొత్వాలుగా పేరుపొందిన ఆయన కూడా వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవారే. ఆ వసతి గృహ నిర్వహణ బాధ్యతను ప్రతాపరెడ్డి సుమారు పదేళ్ల పాటు మోశారు. ఊరు విడిచి వచ్చిన పిల్లలకు అన్నంతో పాటు గ్రంథాలయమూ అవసరమని భావించి పుస్తక భాండాగారాన్ని పెంచారు.

1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా కొందరు అల్లరి చేసి అడ్డుకున్నారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మరుసటి ఏడాది నల్లగొండలో నీలగిరి పత్రిక, ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తిలో తెనుగు పత్రిక ప్రారంభమయ్యాయి. అవి ఎంతో కాలం నిలవలేకపోయాయి. ఈ పరిస్థితిలో 1926 మే 10న ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండు సార్లు వచ్చే ఈ పత్రిక 1947లో దినపత్రికగా మారింది.

చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేని రాజ్యంలో పత్రిక నడపడం సాహసమే. ఊరికి ఒక ప్రతి చేరితే అదే గొప్ప. చదువు వచ్చిన ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినేవారు. వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల పెత్తనం, పట్వారీల లెక్కలు, అధికారుల లంచాలు, బడులు లేని ఊళ్లు పత్రికలో చోటు చేసుకున్నాయి. అంతవరకు ఊరి పొలిమేర దాటని కష్టం అచ్చులోకి ఎక్కి రాజధానిలో చర్చనీయాంశమైంది. పల్లె నుంచి వార్త రాసి పంపే అలవాటు ఈ ప్రాంతంలో బలపడింది ఆ రోజుల్లోనే. ఈనాడు మండలాల నుంచి వార్తలు పంపే విలేకరులందరికీ గోలకొండ పత్రిక బాట వేసిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

నిజాం ప్రభుత్వానికి ఇది కంటగింపు అయింది. ముందుగా అనుమతి పొందనిదే సంపాదకీయాలు ప్రచురించరాదని ఆంక్ష విధించింది. ప్రతాపరెడ్డి తలవంచలేదు. సంపాదకీయం ఉండవలసిన చోట మహనీయుల సూక్తులు ప్రచురించి నిరసన తెలిపారు. చెప్పదలచిన మాట పాఠకులకు అలాగే చేరింది.

జోగిపేట సభ, కవుల సంచిక

సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 పేరిట ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన కాలంలో 1930లో మెదక్ ప్రాంతంలోని జోగిపేటలో తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన గౌరవం ప్రతాపరెడ్డికే దక్కింది. మరుసటి ఏడాది దేవరకొండ సభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు కల్వకుర్తి ప్రాంతంలో జన్మించినవారు. మొదటి రెండు సభలకూ పాలమూరు మట్టితో అనుబంధం ఉన్నవారే నాయకత్వం వహించడం విశేషం.

తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి ఆ కాలంలో వినిపించింది. ప్రతాపరెడ్డి దానికి వాదంతో బదులు చెప్పలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. విద్వద్గద్వాలగా పేరుగాంచిన గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలు పండితులను ఆదరించిన గడ్డలు. అయితే సంస్థానాల వెలుగుకు దూరంగా ఏ చిన్న ఊళ్లోనో పద్యం రాసుకుంటున్న వారి పేర్లు కూడా ఆ సంచికలో చేరాయి. మారుమూల అంటే ప్రతిభ లేని చోటు కాదని, ఉన్న ప్రతిభ బయటి ప్రపంచానికి కనిపించని చోటు మాత్రమేనని ఆ సంచిక రుజువు చేసింది.

సామాన్యుల చరిత్ర

ప్రతాపరెడ్డి రచనల్లో శిఖరం వంటిది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడిన ఈ గ్రంథం రాజుల యుద్ధాలను, వంశావళులను పక్కన పెట్టింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 వరకు తెలుగువారు ఏమి తిన్నారు, ఏ బట్ట కట్టారు, ఏ ఆటలాడారు, పంటలు ఎలా పండించారు, పన్నులు ఎంత కట్టారు, ఏ దేవతలను కొలిచారు అన్న విషయాలను వివరించింది. శాసనాలతో పాటు క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను ఆయన జల్లెడ పట్టారు. పండితులు అలంకారాల కోసం వెతికే పద్యాల్లో ఆయన జొన్నకూడును, రైతు గుడిసెను, సంతను, జాతరను వెతికారు. పల్లెను ఎరిగినవాడు కనుకనే కావ్యాల్లోని పాత మాటలకు అర్థం చెప్పగలిగారు. నిఘంటువులకు అందని పదం పొలం గట్టు మీద సజీవంగా ఉంటుందని ఆయనకు తెలుసు.

కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తొలి పురస్కారాన్ని 1955లో ఈ గ్రంథానికే ప్రకటించింది. అప్పటికి రచయిత లేరు. రామాయణ విశేషములు, హిందువుల పండుగలు, నాటి పాలనలోని లొసుగులను వ్యంగ్యంగా చూపిన మొగలాయి కథలు ఆయన ఇతర రచనల్లో ముఖ్యమైనవి.

వనపర్తి ప్రతినిధిగా

హైదరాబాద్ రాష్ట్రంలో 1952లో జరిగిన తొలి ఎన్నికల్లో ప్రతాపరెడ్డి వనపర్తి నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. దశాబ్దాల పాటు పత్రికలో ప్రస్తావించిన సమస్యలను చట్టసభలో లేవనెత్తే అవకాశం వచ్చింది. కానీ కాలం కలసి రాలేదు. 1953 ఆగస్టు 25న, 57 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. శాసనసభ్యుడిగా ఆయనకు దక్కింది ఏడాదిన్నర కాలమే.

ఇంకా మిగిలిన దూరం

ప్రతాపరెడ్డి విగ్రహం హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై కొలువుదీరింది. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని 2024లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. నడిగడ్డ ప్రజలకు ఇది గర్వకారణం. దానితో పాటే మరో లెక్కను కూడా గుర్తుంచుకోవలసి ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర అక్షరాస్యత 66.54 శాతం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అది సుమారు 50 శాతం మాత్రమే. రాష్ట్రంలోని జిల్లాలన్నింటిలో చివరి స్థానం దీనిదే. తెలుగువారి చరిత్రను తెలుగువారికి చదివి వినిపించిన మహనీయుడు పుట్టిన గడ్డపై, లెక్కల నాటికి ప్రతి ఇద్దరిలో ఒకరికి ఆ పుస్తకాన్ని చదివే శక్తి లేదు.

కారణాలు నడిగడ్డలో ఎవరిని అడిగినా చెబుతారు. రాజోలిబండ మళ్లింపు పథకం కింద 87,500 ఎకరాలకు నీరందాలన్నది లక్ష్యం. చివరి భూములకు నీరు చేరక రైతులు ఏళ్ల తరబడి ఆందోళనలు చేశారు. పంట లేని ఏడు కుటుంబం మొత్తం పనుల కోసం వలస పోతే పిల్లల చదువు అక్కడే ఆగిపోతుంది. పత్తి విత్తన చేలల్లో పూత పనికి చిన్న చేతులు కావాలన్న పేరుతో బడికి దూరమైన బాల్యం ఎంతో ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి ప్రాంతాలను ముంచెత్తింది. నిర్వాసితుల పునరావాసానికి ఏళ్లు పట్టింది. రోడ్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. అయినా చదువు మధ్యలో మానేసిన బాలికను తిరిగి బడికి చేర్చడం ఈ పల్లెల్లో ఇప్పటికీ కష్టమైన పనే.

ప్రతాపరెడ్డి కాలంలో చదువు కోసం ఏరు దాటవలసి వచ్చేది. నేడు బడి ఊళ్లోనే ఉంది. ఆ బడికి పిల్లలందరూ రావడం, వచ్చినవారు మధ్యలో మానకుండా చదవడం, ఊరి గ్రంథాలయం తలుపులు తెరిచి ఉండడం. ఈ మూడూ జరిగిన నాడే నడిగడ్డ తన బిడ్డ రుణం తీర్చుకున్నట్లవుతుంది. జయంతి, వర్ధంతి రోజుల్లో వేసే పూలమాలల కన్నా ఆయన కోరుకునే నివాళి అదే.