పరదేశి పాత్రలకు ప్రాణం పోసిన బళ్ళారి రాఘవ

ఏ దేశంలోనో, ఏ భాషలోనో పుట్టిన నాటకాన్ని మన ఊరి రంగస్థలం మీద ఆడినప్పుడు రెండు విధాలుగా జరగవచ్చు. అది పరాయి వేషంగానే మిగిలి వినోదం మాత్రం కలిగించవచ్చు. లేదా అందులోని దుఃఖం మన దుఃఖమై, ఆ పాత్ర మన పొరుగింటి మనిషి కావచ్చు. ఆంగ్ల నాటకకర్త షేక్‌స్పియర్ (1564–1616) పాత్రల విషయంలో రెండవదానిని సాధించిన నటుడు మన రాయలసీమవాడే. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే ఈ కళాశాల ప్రాంగణంలో బళ్ళారి రాఘవగారి జీవితాన్ని స్మరించుకొనడం సముచితమని భావిస్తున్నాము.

రాఘవగారి పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో నరసింహాచార్యులు, శేషమ్మ దంపతులకు జన్మించారు. ఆ సంవత్సరంలోనే కందుకూరి వీరేశలింగంగారు షేక్‌స్పియర్ రచించిన కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను ‘చమత్కార రత్నావళి’గా తెనిగించి రాజమహేంద్రవరంలో ప్రదర్శింపజేశారు. అంతకు నాలుగేండ్ల ముందే, 1876లో, వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజర్‌ను తెలుగులోనికి తెచ్చారు. కనుక రాఘవగారు పుట్టేనాటికే ఆ ఆంగ్లకవి తెలుగునాట అడుగుపెట్టి ఉన్నాడు.

బళ్ళారి ఆనాడు దత్తమండలాలలో ఒక ప్రధాన నగరం. 1953లో మైసూరు రాష్ట్రంలో చేరేవరకు అది మన కడప, అనంతపురం, కర్నూలు సీమలకు తోబుట్టువుగానే ఉండినది. అక్కడ రాఘవగారి మేనమామ, ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను స్థాపించారు. నాటకం మంగళాంతం కావాలన్న పాత సంప్రదాయాన్ని కాదని వారు ‘విషాద సారంగధర’ను వ్రాశారు. షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల ప్రభావం ఆ విధంగా మన కథలోనికి ప్రవేశించింది. సారంగధరుని కథ మన జిల్లాకూ కొత్త కాదు. చిత్తూరు రామవిలాస సభ వేదిక మీద చిత్రాంగి వేషం ధరించిన యువకుడే తరువాత చిత్తూరు నాగయ్యగా దేశప్రసిద్ధుడైనాడు.

రాఘవగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరు గడించారు. ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. జీవిక న్యాయస్థానంలో ఉన్నా, వారి మనసు రంగస్థలం మీదనే ఉండేది. యౌవనంలోనే బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్బును నెలకొల్పి ఆ మహాకవి నాటకాలను ఇంగ్లీషులోనే ఆడారు. హామ్లెట్, మాక్‌బెత్, ఒథెల్లో, షైలాక్ వంటి పాత్రలు ధరించారు.

ఈ పాత్రలలో చివరి రెండింటి వద్ద మనం కొంత ఆగవలసి ఉన్నది. ఒథెల్లో వెనిస్ నగరానికి సేనాని అయిన మూరు జాతీయుడు. షైలాక్ అదే నగరంలో వడ్డీవ్యాపారం చేసే యూదుడు. ఒకడిని నగరం గౌరవిస్తూనే దూరంగా ఉంచుతుంది. రెండవవాడిని బహిరంగంగానే అవమానిస్తుంది. పత్రం ప్రకారం పౌను మాంసం కోరి న్యాయస్థానానికి వచ్చిన షైలాక్‌ను క్రూరుడైన విదూషకునిగా ఆడి చప్పట్లు కొట్టించుకొనవచ్చు. గాయపడి కఠినుడైన మనిషిగానూ ఆడవచ్చు. నటుడు ఎన్నుకొనే మార్గాన్ని బట్టి ప్రేక్షకుని తీర్పు మారిపోతుంది. పరజాతివాని పాత్ర ధరించడంలోని బాధ్యత ఇదే.

ఆ బాధ్యత తెలిసిన నటుడు కావడం వల్లనే రాఘవగారు మన చరిత్రలోని పాత్రలనూ అంతే గౌరవంతో పోషించారని మా విశ్వాసం. తళ్ళికోట యుద్ధం (1565) నేపథ్యంగా కోలాచలం శ్రీనివాసరావుగారు వ్రాసిన రామరాజు నాటకంలో వారు విజయనగర వీరునిగా గాక పఠాను రుస్తుంగా ప్రఖ్యాతులైనారు. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు కూడా వారి ప్రసిద్ధ పాత్రలే. 1927లో గాంధీ మహాత్ముడు వారి ‘దీనబంధు కబీర్’ హిందీ నాటకాన్ని తిలకించారు. వైష్ణవ కుటుంబంలో పుట్టిన న్యాయవాది పఠానుగా, కబీరుగా జనహృదయాలలో నిలవడం సామాన్య విషయం కాదు.

పద్యాన్ని రాగం కోసం సాగదీయడం నాటి అలవాటు. రాఘవగారు రాగాన్ని తగ్గించి అర్థానికి, ముఖాభినయానికి ప్రాధాన్యమిచ్చారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను వేదిక మీదికి ప్రోత్సహించారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి, షేక్‌స్పియర్ దేశంలోని నాటకశాలలను చూసి, జార్జ్ బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936), ‘రైతుబిడ్డ’ (1939) చిత్రాలలో నటించినా, వారి కీర్తికి ఆధారం రంగస్థలమే. 1946 ఏప్రిల్ 16వ తేదీన వారు కన్నుమూశారు.

షేక్‌స్పియర్‌ను మన దేశంలో తమవానిగా చేసుకొన్నవారు తెలుగువారు మాత్రమే కారు. 1848లో కలకత్తాలోని సాన్ సూసీ నాటకశాలలో వైష్ణవచరణ్ ఆఢ్య అనే వంగదేశీయుడు ఒథెల్లోగా నటించాడు. రాఘవగారి కంటె ఒక ఏడాది ముందు, 1879లో పుట్టిన ఆగా హష్ర్ కాశ్మీరీ, కింగ్ లియర్ కథను ‘సఫేద్ ఖూన్’ పేరిట ఉర్దూ ప్రేక్షకులకు అందించాడు. బిడ్డల కృతఘ్నతకు కుమిలిన ఆ వృద్ధరాజు గోడును మన తాతల తరం ఉర్దూలో విని కంటతడి పెట్టింది. కన్నీటికి లిపిభేదం లేదు.

విద్యార్థి మిత్రులారా! మన వార్షికోత్సవాలలో వేషాలు వేసే రోజున ఈ సంగతి గుర్తుంచుకొనవలసినదిగా కోరుతున్నాము. మనకు నచ్చిన మనిషిగా నటించడం సులభం. మనకు తెలియని ఇంటివాని వేషం ధరించి, ఆ ఇంటివారే ముందు వరుసలో కూర్చున్నప్పుడు వారు తలవంచుకొనకుండా నటించగలగడమే కష్టం. ఆ కష్టమైన విద్యను రాఘవగారు జీవితాంతం అభ్యసించారు.