మహానటి సావిత్రి

సావిత్రి గారు గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. విజయవాడలో పెదనాన్న గారి దగ్గర పెరిగి, నాట్యం నేర్చుకుని, నాటకాలు వేశారు. తర్వాత సినిమా వేషాల కోసం మద్రాసు వెళ్లారు.

1950లో ‘సంసారం’ సినిమాలో మంచి వేషం వచ్చింది. కానీ ఎదురుగా అక్కినేని నాగేశ్వరరావు గారు కనిపించేసరికి బెదిరిపోయి మాటలు తడబడ్డారు. ఆ వేషం వేరొకరికి వెళ్లిపోయింది. మూడేళ్ల తర్వాత ‘దేవదాసు’లో ఆయన పక్కనే పార్వతిగా నటించి అందరినీ ఏడిపించారు.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడే ఇద్దరి కథ. దాన్ని తెలుగులో, తమిళంలో తీశారు. రెండింటిలోనూ సావిత్రి గారే నాయిక. నాయకులు తెలుగులో ఎన్.టి.రామారావు గారు, తమిళంలో జెమినీ గణేశన్ గారు. తమాషా ఏమిటంటే, జెమినీ గారితో ఆమెకు అప్పటికే రహస్యంగా పెళ్లయింది! తెరమీద లేని పెళ్లి ఉందన్నారు, బయట ఉన్న పెళ్లి దాచారు. కానీ ఆయనకు అంతకుముందే భార్య, పిల్లలు ఉన్నారు. ఆ ప్రేమ ఆమెకు చివరకు కన్నీళ్లే మిగిల్చింది. 1981 డిసెంబరు 26న కన్నుమూశారు.

ఈ బాల్యాన్నీ, ప్రేమనూ నాగ్ అశ్విన్ గారు 2018లో ‘మహానటి’గా తీశారు. సావిత్రిగా నటించిన కీర్తి సురేష్ గారికి జాతీయ అవార్డు వచ్చింది.

మనకూ బదిలీ అయిన ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త భాష. మొదటి రోజు క్లాసులో మాట తడబడితే సిగ్గుపడకండి. మహానటి కూడా తడబడే మొదలుపెట్టారు.