డాప్లర్: నక్షత్రకాంతి నుండి నేత్రనాళం దాకా

విజ్ఞానక్షేత్రంలో నాటిన విత్తనం ఎక్కడ ఫలిస్తుందో నాటినవారికి సైతం తెలియదు. క్రిస్టియన్ డాప్లర్ జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆయన 1803 నవంబరు 29న సాల్జ్‌బర్గ్ నగరంలో, రాతిపనివారి కుటుంబంలో జన్మించారు. దేహం దుర్బలమైనందున వంశవృత్తి మాని విద్యవైపు మరలారు. వియన్నాలో గణితం అభ్యసించినా స్థిరమైన కొలువు లభించలేదు. కొంతకాలం నూలుమిల్లులో లెక్కలు వ్రాశారు. 1835లో సామానులమ్ముకొని అమెరికాకు వలసపోవ సిద్ధపడిన తరుణంలో, ప్రేగ్‌లోని ఒక పాఠశాల నుండి ఉపాధ్యాయపదవికి పిలుపు వచ్చింది.

1842 మే 25న ప్రేగ్‌లోని విజ్ఞానపరిషత్తులో, కొద్దిమంది ఎదుట, ఆయన జంటనక్షత్రాల రంగులను గూర్చి ప్రసంగించారు. తరంగాలను వెలువరించే వస్తువు మనవైపు వస్తుంటే వాటి పౌనఃపున్యం హెచ్చుతుందనీ, దూరమవుతుంటే తగ్గుతుందనీ ఆయన ప్రతిపాదన. 1845లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ కదిలే రైలుబండిపై బాకాలు ఊదించి, శబ్దం విషయంలో అది సత్యమని నిరూపించారు. అయితే నక్షత్రాల రంగులకు ముఖ్యకారణం ఉష్ణోగ్రత. ఆ అన్వయంలోనే డాప్లర్ పొరబడ్డారు, సూత్రంలో కాదు. 1852లో గణితవేత్త పెట్జ్‌వాల్ ఆ సూత్రాన్నే ఖండించారు. వివాదం సద్దుమణగకముందే, శ్వాసకోశవ్యాధితో డాప్లర్ 1853 మార్చి 17న వెనిస్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 49 ఏండ్లే.

ఆ సూత్రం నేడు వైద్యుని చేతి సాధనం. కనుగుడ్డు వెనుకనున్న రక్తనాళాలు బయటినుండి చూపుకందవు. మూసిన రెప్పపై పరికరాన్నుంచి, చెవికి వినబడని శబ్దతరంగాలను లోనికి పంపుతారు. ప్రవహించే రక్తకణాలను తాకి మరలివచ్చిన తరంగాల పౌనఃపున్యంలోని మార్పే ప్రవాహపు దిశను, వేగాన్ని తెలుపుతుంది. పరికరంవైపు వచ్చే రక్తాన్ని సాధారణంగా ఎరుపుగా, దూరమయ్యేదాన్ని నీలంగా తెరపై చూపుతారు. 1980 దశకం చివరినుండి ఈ విధానం నేత్రవైద్యంలో ప్రవేశించింది. కంటినుండి వెనుకకు పోవలసిన సిరారక్తం ముందుకు పొంగుతుంటే, కపాలంలో ధమనికీ సిరకూ అసహజమైన సంబంధమేర్పడిందని వైద్యులు అనుమానిస్తారు. రెటీనాకు రక్తమిచ్చే ప్రధాన ధమనిలో ప్రవాహం కానరాకుంటే, చూపుకు ముప్పు వాటిల్లిందని గ్రహిస్తారు. సూదిపోటు లేకుండానే ఇంత తెలుస్తుంది.

నక్షత్రాలలో ఆయన వెదకిన రంగుల రహస్యం వేరైనా, ఆయన సూత్రం మానవుని చూపును కాపాడుతున్నది. ఉద్యోగం దొరకలేదని, విమర్శ ఎదురైందని నిరుత్సాహపడే విద్యార్థులకు ఈ జీవితం కంటే వేరే బోధ అక్కరలేదని మా విశ్వాసం.